కుమారపాలుడి మడిబట్ట

పాటణ్, సాళ్వీవాడ
శ్రావణ శుద్ధ పంచమి

మా ఝవేరక్కకి,

నీ చెల్లెలు రళియాత్ పాలన్‌పూర్ దిక్కుకు తిరిగి దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. వానలు విడవకుండా పడుతున్నాయి.

మూడేళ్ళుగా నా ఉత్తరాలన్నీ "క్షేమం" అన్న ఒక్క మాటతో అయిపోతున్నాయని, అది బడిపంతులికి రాసే ఉత్తరంలా ఉంటుందని తిట్టావు. నేను చదివింది నాలుగో తరగతే కదా అక్కా. పంక్తి మొదలు పెట్టేటప్పుడు తిన్నగానే ఉంటుంది, చివరికొచ్చేసరికి మెట్లు దిగిపోతుంది. అయినా ఈసారి కళ్ళకు కనపడేదంతా రాస్తాను. చదవలేకపోతే అది నీ తప్పు.

బావగారు తెచ్చిన పని పూర్తి కావొచ్చింది. మీ పాలన్‌పూర్ శేఠ్‌గారి మడిబట్ట ఇంకో మూరెడు నేస్తే మగ్గం దిగుతుంది. మాఘంలో గుడి ప్రతిష్ఠ నాడు కట్టుకుంటారటగా. ఎరుపు మంజిష్ఠది, అంచున తమలపాకులు, మధ్యలో ఏనుగులు. నూలు మీదే రంగులన్నీ ముందుగా ముడులు కట్టి అద్దేస్తారు కనుక, నేసేటప్పుడు నిలువు పోగు మీద ఆకు, అడ్డపోగు మీద ఆకు వచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. మామగారు ఒక పక్క, మీ మరిది ఒక పక్క కూర్చుని రోజంతా నేస్తే జానెడు కూడా రాదు. వెంట్రుకవాసి తేడా వస్తే మామగారు సూది తీసుకుని పోగు పోగూ జరుపుతారు. బాగుందని మాత్రం అనరు. నిన్న మీ మరిది, "బాపా, ఈ ఏనుగు బాగా కుదిరింది కదూ?" అంటే, "ఏనుగు బాగానే ఉంది. మావటివాడు నిద్రపోతున్నాడు, కాస్త పోగు చూసుకో" అన్నారు.

మన పుట్టింట్లో నాన్న మనం పుట్టకముందే మగ్గం ఎత్తేసి కొట్టు పెట్టుకున్నాడు. ఉన్నా మనకు నేర్పేవాడు కాదనుకో. కూతురికి నేర్పితే విద్య ఆమెతోపాటు గడప దాటిపోతుందని మన సాళ్వీ నేతగాళ్ళు కూతుళ్ళకు నేర్పరు, కోడళ్ళకు నేర్పుతారు. ఆ మాట పట్టుకుని మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. అత్తగారు, "ముందు నీ వేళ్ళకు ఓపిక రానీ వహూ" అంటూ పనికిరాని నూలు నా ఒళ్ళో పడేస్తుంది. దాని మీద ముడులు కడతాను, విప్పుతాను. అసలు నూలు ఇంతవరకు ముట్టనివ్వలేదు.

నీకో సంగతి చెప్పనా? ఈ ఇంట్లో నాకు ఇద్దరు మామగార్లు. ఒకరు బాపా. రెండో ఆయన ఒకప్పుడు ఈ పాటణ్‌ను ఏలిన కుమారపాల మహారాజు. పోయి ఎనిమిది వందల ఏళ్ళయినా ఇంటి పెత్తనం ఆయనదే. నీళ్ళు వడకట్టకుండా కుండలో పోస్తే అత్తగారు, "రాజుగారు చూస్తారు" అంటుంది. తల దువ్వుకుంటూ కాస్త గట్టిగా లాగితే, "నెమ్మదిగా! పేనును చంపిన కోటీశ్వరుడి ఆస్తంతా లాక్కుని పేను పేరున గుడి కట్టించిన ఊరు ఇది. నీకున్నవి రెండు పెట్టెలు, అవి కూడా పోతాయి" అంటుంది. వీధిలో చీమలకు పిండి చల్లే ముసలాయన్ని అడిగినా రాజుగారి మాటే. ఈ ఊళ్ళో ఇప్పటికీ కత్తి పట్టాలంటే జంకుతారు.

ఇక బట్ట విషయంలో అయితే చెప్పక్కర్లేదు. ఆ కథ మన ఇంట్లో కూడా చెప్పేవారు. రాజు రోజూ పూజకు ఇలాంటిదే కొత్త పటోళా పట్టుబట్ట కట్టుకునేవాడట. ఒకనాడు గుడి దగ్గర పూజారి అడ్డం నిలబడి, "ప్రభూ, ఇది మడిబట్ట కాదు. జాల్నా రాజు ఒక రాత్రి పక్క మీద పరుచుకున్నాకే వీటిని బయటికి అమ్మనిస్తాడట" అన్నాడట. అంతే, రాజు గుమ్మం నుంచే వెనక్కి తిరిగి, జాల్నా మీద దండెత్తి వెళ్ళి ఏడువందల సాళ్వీ కుటుంబాలను తెచ్చి ఇక్కడ పెట్టాడట. అందుకని మగ్గం దిగిన బట్టను ఈ ఇంట్లో ఎవరూ ఒళ్ళో పెట్టుకోరు, భుజాన వేసుకోరు, మంచం మీద పెట్టరు. పీట మీద పల్చటి గుడ్డ పరిచి, దాని మీద పెడతారు. ఒకాయన పక్క మీద బట్ట పరుచుకున్నాడని, ఇంకొకాయన అలిగాడని ఇన్ని వందల ఏళ్ళు మనం పీటలు తుడవాలా అని నాకు నవ్వొస్తుంది. నవ్వానని ఎవరికీ చెప్పకు.

బాపాతో నేను ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. ముసుగు లాక్కుని తప్పుకుంటాను. ఆయనకు దాహమైతే గోడకేసి చూసి, "ఎవరైనా ఉంటే నీళ్ళు కావాలి" అంటారు. నేను గాజులు చప్పుడు చేస్తాను. మా ఇద్దరి సంభాషణ అంతే.

కాగితం అయిపోయింది.

నీ రళియాత్


శ్రావణ బహుళ సప్తమి

అక్కా,

ఈ ఉత్తరం తలుపు వేసుకుని చదువు. బావగారికి చూపించకు.

నేనొక పని చేశాను. ఎవరికీ చెప్పలేక నీకు రాస్తున్నాను. చెప్పకూడనిది కూడా నీకే. ఈ బట్ట మీద మాట ఇచ్చింది బావగారు, ఆయన గుమాస్తాగా కూర్చునేది శేఠ్‌గారి గద్దె పక్కనే. అయినా నాకు ఇంకెవరున్నారు?

మొన్న పంచమినాడు బట్ట మగ్గం దిగింది. అంచులు కత్తిరించి, మడతపెట్టి, పీట మీద పెట్టారు. నిన్న మధ్యాహ్నం మీ మరిది రంగు కోసం మెహ్‌సాణా వెళ్ళారు. అత్తగారు జైన సాధ్వులు చెప్పే ప్రవచనం వినడానికి వెళ్ళింది. బాపాకు రెండు రోజులుగా మలేరియా జ్వరం. వంటింట్లో నేను జొన్నలు ఏరుతుంటే, పక్క గదిలోంచి మంచం కోళ్ళు నేల మీద టకటకా కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

ముసుగు లాక్కుని తొంగిచూశాను. ఆయన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకుపోయి వణుకుతున్నారు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. అటక మీద పెంకు జారి నాలుగు బొంతల్లో మూడు తడిసి ముద్దయ్యాయి. పొడిగా ఉన్న ఒక్కటీ ఆయన మీదే ఉంది. నా చీరలు రెండు కప్పాను. గోనెసంచి కప్పాను. వణుకు తగ్గలేదు. పక్కింటి వాళ్ళను పిలిచాను. వాన హోరులో నా గొంతు నాకే వినపడలేదు. "అమ్మా, అమ్మా" అంటున్నారు అక్కా, అరవై ఏళ్ళ మనిషి. పెదవులు నీలంగా మారిపోయాయి.

అప్పుడు పీట మీద చెయ్యి వేశాను. ఆలోచించానని చెప్పను. పట్టు వెచ్చన అని మాత్రమే తోచింది. మడత విప్పి, బొంత కింద, ఆయన ఒంటికి తగిలేలా చుట్టూ దోపాను. అంత పల్చటి బట్ట, అంత వేడి పట్టుకుంటుందని ఎవరనుకుంటారు? కాసేపటికి పళ్ళ చప్పుడు ఆగింది. ఇంకాసేపటికి నుదుటి మీద చెమట మెరిసింది. ఆయన నిద్రపోయారు. నేను గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉన్నాను. ఏనుగులు ఆయన ఊపిరితో పైకి లేచి కిందికి దిగుతున్నాయి.

అత్తగారు వచ్చేలోపల తీసేశాను. మరక లేదు. రంగు కదల్లేదు, అది కదిలే రంగు కాదుగా. పాత మడతల మీదే మళ్ళీ మడిచి పీట మీద పెట్టాను. అప్పుడు గానీ నాకు తెలిసిరాలేదు. ఒకరు పడుకున్న బట్ట అయిపోయింది అది. ఏ బట్టనైతే మన రాజు గుడి గుమ్మంలో నిలబడి వద్దన్నాడో, సరిగ్గా ఆ బట్టను నేను తయారుచేసి పెట్టాను. ఆరు నెలల పని. దాన్ని కట్టుకుని శేఠ్‌గారు దేవుడి ముందు నిలబడతారు.

బాపాకు ఏమీ గుర్తులేదు. ఇవాళ లేచి కూర్చుని గోడతో, "ఎవరైనా ఉంటే గంజి తాగుతాను" అన్నారు.

చెబితే నన్ను మన పుట్టింటికి, ఉంఝాకు పంపించేస్తారేమో. పంపకపోయినా ఇక నూలు ముట్టనివ్వరు. ముడులు కట్టడం తప్ప ఈ ఇంట్లో నేను కోరుకున్నది ఇంకొకటి లేదు. ఏం చెయ్యమంటావు?

రళియాత్


భాద్రపద శుద్ధ తదియ

అక్కా,

నీ కార్డు కాకుండా కవరు వచ్చిందని తెలియగానే భయం వేసింది. "నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. ఈ ఉత్తరం నువ్వు వెయ్యి. ఎవరు చూశారు? దేవుడు చూశాడంటావా, ఆయనకు ప్రాణం నిలబడ్డం ముఖ్యమో, మడి ముఖ్యమో తెలుసు. మీ బావగారి పదకొండేళ్ళ నమ్మకం నీ నాలుక చివర ఉంది" అన్నావు. చదివి పొయ్యిలో వేశాను. కానీ మాటలు కాలలేదు.

నువ్వు పెద్దదానివి. నువ్వు చెప్పినట్టే నోరు మూసుకుంటాను. రేపు సంవత్సరి, అందరూ అందరినీ క్షమించమని అడిగే రోజు. ఎల్లుండి మీ మరిది బట్ట పట్టుకుని బండెక్కుతారు.

అయితే ఒక మాట. ఆ రాజుని చూసి నవ్వానని రాశాను కదా. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఈ పది రోజులూ పీట దగ్గర ఊడుస్తున్నప్పుడల్లా ఆ గుడి గుమ్మమే కళ్ళకు కడుతోంది. ఎదురుగా నిలబడింది రాజు. చుట్టూ భటులు. "నీ ఒంటి మీది బట్ట మడిది కాదు" అని అనడానికి ఆ పూజారికి ఎంత గుండె ఉండాలి! ఎవరు చూశారులే అని పక్కకు తప్పుకుని ఉంటే ఆయన సుఖంగా బతికేవాడు. ఆ రాజు మాత్రం? "నోర్ముయ్, జరుగు" అని లోపలికి నడిచి ఉంటే ఎవరు ఆపుతారు? వెనక్కి తిరిగి వెళ్ళాడు చూడు, అదీ గొప్ప. నేను ఇన్నాళ్ళూ అది చాదస్తం అనుకున్నాను. తన ముఖం మీద ఒకడు తప్పు చెబితే వెనక్కి తిరిగిన రాజు ఎంతమంది ఉంటారు అక్కా? ఊరంతా ఆయన్ని తలుచుకుని పేలను కూడా చంపకుండా బతుకుతోందంటే ఊరికే కాదు.

ఇవాళ పొద్దున్న అత్తగారు, "శేఠ్ పని సరిగ్గా ముగిస్తే దీపావళి వెళ్ళగానే నీ చేతికి అసలు నూలు ఇస్తా. నీ వేళ్ళు ఇప్పుడిప్పుడే మనుషుల వేళ్ళు అవుతున్నాయి" అంది. నేను సంతోషించినట్టు తల ఊపాను.

కోపం తెచ్చుకోకు. చెప్పనులే.

రళియాత్


భాద్రపద బహుళ తదియ

అక్కా, నా తల్లీ,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. తిట్లున్న ఉత్తరం, దాని వెనకే తిట్లు లేని ఉత్తరం. రెండో దాన్ని మూడుసార్లు చదివాను. మాట తప్పాను. కావాలని కాదు. ఎలా జరిగిందో నువ్వు వినాలి, బాపా పాలన్‌పూర్‌లో నీకు చెప్పి ఉండరు. ఆయన దేన్నీ రెండు ముక్కల్లో తప్ప చెప్పరు.

సంవత్సరి సాయంత్రం, ఏడాది తప్పులన్నీ తలుచుకునే ప్రతిక్రమణం అయి ఇంటికొచ్చాం. అందరం ఒకరికొకరం చేతులు జోడించి క్షమాపణ అడుగుతున్నాం. అత్తగారు నన్ను, "ఏడాదంతా తిట్టాను, రేపట్నించి మళ్ళీ తిడతాను, ఈ ఒక్కపూటకూ మిచ్ఛామి దుక్కడం" అంది. నేను ముసుగులోంచి బాపా పాదాలకు దణ్ణం పెట్టాను. ఏటా ఆయన గోడకేసి చూసి తల ఊపుతారు, అంతే. ఈసారి గోడకేసి చూడలేదు. చేతులు జోడించి, "వహూ, జ్వరంలో నీకెంత శ్రమ ఇచ్చానో, ఏం కూశానో నాకు తెలియదు. తెలిసీ తెలియకా నీ మనసు నొప్పించి ఉంటే మిచ్ఛామి దుక్కడం" అన్నారు.

తప్పు చేసింది నేను. క్షమాపణ అడుగుతున్నది ఆయన. అక్కా, ఆ చేతులు నా ముందు జోడించి ఉంటే నా నోరు దానంతట అదే తెరుచుకుంది. "బాపా" అన్నాను. మూడేళ్ళలో మొదటి మాట. "మీకు చలి ఎక్కువైతే శేఠ్‌గారి బట్ట కప్పాను. ఒంటికి తగిలేలా కప్పాను. ఎవరికీ చెప్పలేదు."

అత్తగారు గుండెల మీద కొట్టుకుంది.

"అయ్యో అయ్యో! మూడేళ్ళు నోరు తెరవలేదు, తెరిస్తే ఇదా!"

బాపా కిందికి చూస్తూ అడిగారు. "మడత మొత్తం విప్పావా?"

"విప్పాను."

"మళ్ళీ పాత మడత మీదే మడిచావా?"

"ఆ."

"ఊఁ" అన్నారు. పోగు సరిగ్గా పడితే ఆయన అనేది ఆ ఊఁ. ఆపైన, "నలభై ఏళ్ళుగా నేస్తున్నాను. అది వెచ్చగా ఉంటుందో చల్లగా ఉంటుందో నాకు తెలియదు. నిజంగా వణుకు తగ్గిందా?" అన్నారు.

"వెచ్చదనం సంగతి తర్వాత చూద్దాం!" అని అత్తగారు అరిచింది. "శేఠ్‌కి ఏం చెప్తాం?"

మీ మరిది అన్నారు, "ఎందుకు చెప్పాలి? మరక ఉందా? రంగు పోయిందా? చూసినవాళ్ళున్నారా?" సరిగ్గా నువ్వు రాసిన మాటలే. నేను ముసుగులో తల వంచుకున్నాను.

బాపా ఆయన వైపు తిరిగారు. "జాల్నా రాజు పరుచుకున్న బట్ట మీద మాత్రం మరక ఉందా ఏమిట్రా? చూసి చెప్పగలిగేదైతే కుమారపాలుడికి పూజారి ఎందుకు? ఆయన ఆ బట్టను వద్దన్నాడు గనకే మనం ఇక్కడ ఉన్నాం. ఏం పర్లేదులే అని కట్టుకుని ఉంటే నువ్వీపాటికి జాల్నాలో ఎవడి పక్కబట్టలో నేస్తూ ఉండేవాడివి. రాజు కోసం వచ్చి కూర్చున్నాం. రాజు పోయాడని ఆయన పట్టింపు కూడా పోయిందా?"

అయితే బట్ట తాను తీసుకెళ్ళనన్నారు మీ మరిది. "నేనే వెళతాను" అన్నారు బాపా, జ్వరం తగ్గి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. మర్నాడు అత్తగారు రోజంతా నాతో మాట్లాడలేదు. నేను ఉపవాసం ఉన్నాను. సాయంత్రం ఆమే కాచిన నీళ్ళ చెంబు తెచ్చి నా ముందు ఠంగుమని పెట్టి, "తాగు. నువ్వు పడిపోతే నిన్ను ఏ బట్టతో కప్పాలి?" అంది.

పాలన్‌పూర్ నుంచి వచ్చాక బాపా చెప్పింది ఇదీ: "వెళ్ళాను. చెప్పాను. అక్కడి నీళ్ళు ఉప్పన." నువ్వు తలుపు చాటున నిలబడి విన్నదంతా రాయకపోతే మాకెవరికీ ఏమీ తెలిసేది కాదు. శేఠ్‌గారు లవంగం నములుతూ, "ఎవరూ చూడలేదు కదయ్యా, ఇంతదూరం వచ్చి ఎందుకు చెప్పావు?" అన్నారనీ, బాపా "చూసిన పిల్ల చెప్పింది. విన్నవాణ్ణి నేను దాచుకుంటే ఇక పాటణ్ సాళ్వీనని ఏ ముఖంతో చెప్పుకోను?" అన్నారనీ రాశావు. ఆ మాట చదివినప్పుడు అత్తగారు పక్కనే ఉంది. నూలు చుట్టడం ఆపి, మళ్ళీ చదవమంది.

బావగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదన్నావు. ఆయన పాదాలకు నా క్షమాపణ చెప్పు. శేఠ్‌గారు ఆయన్ని ఏమీ అనకపోగా, "మీవాళ్ళు చెప్పకపోతే నాకు తెలిసే దారి లేదు. కనుక మీవాళ్ళతోనే పని" అన్నారని నువ్వు రాశాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

శేఠ్‌గారు వద్దన్న పాత బట్ట సంగతి అడిగావు. సిద్ధపూర్ వోరా ముసల్మాను వర్తకుడు ఒకాయన కూతురి పెళ్ళికి చూడ్డానికి వచ్చాడు. బాపా ఆయనకూ జరిగిందంతా చెప్పారు. ఆయన గడ్డం నిమురుకుని, "పెద్దాయన చలి తీర్చిన బట్ట అయితే మా పిల్ల కాపురం చల్లగా ఉంటుంది" అని నవ్వి తీసుకెళ్ళాడు. ఎవరి దేవుడు ఏది ఒప్పుకుంటాడో వాళ్ళకే తెలియాలి.

శేఠ్‌గారు మాఘానికల్లా ఇంకోటి కావాలన్నారు. ఐదు నెలలు. బాపా కళ్ళు మునుపటిలా లేవు, అత్తగారి వేళ్ళకు వాపు. "మా కోడలు కూర్చుంటే అవుతుంది" అని బాపా ఆయనతో అన్నారని నువ్వు రాసిన ఉత్తరం వచ్చేవరకు నాకు తెలియదు. వచ్చిన మనిషి ఇంట్లో ఆ మాట ఎత్తనే లేదు.

ఇవాళ పొద్దున్న గుంజలకు కొత్త పట్టునూలు బిగించి కట్టారు. నేను ఎప్పట్లాగే నా పాత నూలు తీసుకుని మూలకు వెళుతున్నాను. బాపా గుంజ పక్కన రెండో పీట వేశారు. ముసుగు లాక్కుని నిలబడిపోయాను. ఆయన గోడకేసి చూడలేదు.

"కూర్చో వహూ. ముడి గట్టిగా ఉండాలి, రంగు లోపలికి దూరకూడదు. పోగు మాత్రం ఉక్కిరిబిక్కిరి కాకూడదు. తెలిసిందా?"

గాజులు కదపబోయాను. మళ్ళీ ఆగి, "తెలిసింది బాపా" అన్నాను.

వంటింట్లోంచి అత్తగారు కేకేసింది. "ఎవరితోనే మాటలు?"

"బాపాతో" అన్నాను.

నీ చెల్లెలు,
రళియాత్